పట్టని మోకాళ్లు

లిఫ్టు మెకానిక్కుకు ఒకే ఒక్క కోరిక ఉండేది. తన భార్య కూతురు తనను ఒక్కసారైనా "నువ్వు" అనాలి. ఇదీ ఒక కోరికేనా అని నవ్వకండి. ఆ ఇంట్లో మర్యాదంతా బయటివాళ్లకే. ఆ పిల్ల తల్లిని "నువ్వు" అంటుంది, అమ్మమ్మను "నువ్వు" అంటుంది, ఒళ్లు మండితే ఇద్దర్నీ కలిపి ఉతికి ఆరేస్తుంది. ఈయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీరు తిన్నారా", "మీరు కూర్చోండి". పెళ్లి చేసుకుని ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ అదే వరస. అద్దెకు దిగినవాడితో కూడా ఎవరూ అంత మర్యాదగా మాట్లాడరు.

తప్పంతా పిల్లదే అనుకుంటే పొరపాటు. ఈయనగారేమీ తక్కువ తినలేదు. ఏది అడిగినా "మీ ఇష్టం" అంటాడు. కూరలో ఉప్పు లేకపోయినా "బాగుంది" అంటాడు. ఫ్యాను తిరక్కపోతే గాలి చల్లగా ఉందనే రకం. అలా గంగిరెద్దులా తలూపేవాడి దగ్గర ఎవరికైనా చనువు ఎలా వస్తుంది, మీరే చెప్పండి.

ఒక ఆదివారం నలుగురూ కలిసి వేడినీళ్ల టబ్బు కొనడానికి బయల్దేరారు. ఇల్లాలు సిటీ బస్సు నడుపుతుంది. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. పెరట్లో హాట్ టబ్ ఒకటి పెట్టుకుంటే ఇద్దరికీ హాయిగా ఉంటుందని పిల్లే అంది, షోరూమ్ కూడా పిల్లే వెతికింది.

షోరూమ్‌లో టబ్బులన్నీ నీళ్లు లేకుండా వరసగా పెట్టి ఉన్నాయి. కూర్చుని చూస్తేగానీ తెలియదు, చెప్పులు విప్పి దిగండి అన్నాడు సేల్స్‌మన్. మొదటిదాని గట్టు దాటడానికే అమ్మమ్మకు ఆయాసం వచ్చింది. "ఇందులో దిగాలంటే అల్లుడుగారు పెరట్లో కూడా ఓ లిఫ్టు బిగించాలి," అంది. రెండోదాంట్లో పడుకునే సీటుంది. ఇల్లాలు అందులో వాలి, కళ్లు మూసుకుని, ఇక లేవనంది. ఆ సీటు పోగా మిగిలిన చోటు ఒక్కరికి కూడా చాలదు.

"నువ్వొక్కదానివీ లోపల ఉడుకుతుంటే మేం బయట నిలబడి గరిటె తిప్పాలా?" అంది కూతురు.

మూడోది గుండ్రంగా, నీలంగా, ముద్దుగా ఉంది. గట్టు తక్కువ, పక్కనే మెట్లు. పిల్ల మనసు దానిమీద పడింది. నలుగురికి భేషుగ్గా సరిపోతుందన్నాడు సేల్స్‌మన్. ఆడవాళ్లు ముగ్గురూ దిగి సర్దుకున్నారు. మిగిలిన జానెడు చోటులోకి మెకానిక్కు దిగాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు. కూర్చునేసరికి మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి.

"మీకు సరిపోయిందా?" అని అడిగింది పిల్ల.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. మీ ఇష్టమే నా ఇష్టం," అన్నాడు కుడితిలో పడ్డ ఎలుకలా మొహం పెట్టి. ఆ మాట అంటుండగానే కుడికాలు పట్టేసింది. నొప్పి దిగమింగుకున్నాడు. పిల్లకు నచ్చినదాన్ని కాదంటే ఆ "మీరు" ఇంకాస్త బిగుసుకుంటుందేమోనని అతని భయం.

పిల్ల అతని మోకాళ్ల వంక చూసింది. చెమట పట్టిన మొహం వంక చూసింది. ఇక ఓపిక పట్టలేకపోయింది.

"ఎక్కడ సరిపోయింది? ఆ కాళ్లు ఎక్కడ పెడతావ్, మడతపెట్టి అటకమీద పెడతావా? ఇరుగ్గా ఉంటే ఇరుగ్గా ఉందని చెప్పడానికి నోరు లేదా నీకు? ఎప్పుడు చూసినా బాగుంది, బాగుంది. మొన్న నేను మాడ్చేసిన రొట్టె కూడా బాగుందన్నావ్. నువ్విలా అంటుంటే, మా ఇంట్లో మొహమాటానికి ఉంటున్నావో, ఉండాలనిపించి ఉంటున్నావో మాకెలా తెలుస్తుంది?"

"ఏమిటే ఆ మాటలు, పెద్దాయన్ని పట్టుకుని నువ్వు గివ్వు అంటూ," అని తల్లి మందలించబోయింది.

"అననీ," అన్నాడు మెకానిక్కు. పట్టేసిన కాలు తప్ప ఒళ్లంతా తేలికైపోయింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట చీవాట్ల మధ్య వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. పిల్ల అడిగినదానికి ఇప్పుడు కూడా నీళ్లు నమిలితే తనంత దద్దమ్మ ఉండడనుకున్నాడు.

"ఉండాలనే ఉంటున్నాను," అన్నాడు. "ఈ టబ్బులో మాత్రం నేను పట్టను. కాళ్లు చాపుకునేది కావాలి. అదిగో, గోడవారగా ఉన్న ఆ నలుచదరంది. దానికీ మెట్లున్నాయి. అందులో మూలసీటు నాది."

"మూలసీటు నాది," అంది పిల్ల.

"నువ్వు పొట్టిదానివి, ఎక్కడైనా సరిపోతావు."

"నీ కాళ్లు చాపితే ఇక మేమెక్కడ కూర్చోవాలి? అయినా ఆ రంగేమిటి, బురదలాగా? నీకసలు కళ్లున్నాయా?"

ఇల్లాలూ అమ్మమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా గట్టు దాటి అవతలికి జరిగారు. సేల్స్‌మన్ కాగితం పట్టుకుని దగ్గరికొచ్చాడు. "సార్, ఏది రాసుకోమంటారు?"

"కాస్త ఆగండి," అన్నాడు మెకానిక్కు, ఆ నీలం టబ్బులో అలాగే ఇరుక్కుని కూర్చుని. "మా అమ్మాయి తిట్టడం ఇంకా అవలేదు."