పదకొండో ప్రశ్న

పదకొండో ప్రశ్నను తెలుగు చేసింది జీవరత్నమే. ఆ సంగతి మొదట్లో ఆమెకి మహా గొప్పగా ఉండేది. ఏడాది తిరిగేసరికి అదే గొంతులో ముల్లయి కూర్చుంది.

నందిగామ బస్టాండు వెనక, కళ్ళజోళ్ళ షాపు మీద రెండు గదులు తీసుకుని ఒక సర్వే ఆఫీసు పెట్టారు. పురుగుమందు మనిషి ఒంటిని ఏం చేస్తుందో తేల్చడం వాళ్ళ పని. ఒకే సర్వే రెండు దేశాల్లో నడిచింది. ఇక్కడ పత్తీ మిరపా వేసే ఊళ్ళలో, అక్కడ ఉగాండాలో కాఫీ తోటల్లో. రెండు చోట్లకీ పెద్ద డాక్టర్ నకాటో అనే ఆవిడ. కంపాలాలో ఉంటుంది, ఇక్కడివాళ్ళకి కంప్యూటరు తెర మీద కనపడుతుంది. నందిగామ ఆఫీసు చూసుకునేది పార్థసారథి గారు. రోజూ విజయవాడ నుంచి బస్సులో వచ్చిపోతారు. మంచి మనిషే, కాకపోతే ఎవరితోనైనా గట్టిగా మాట్లాడితే ముందు తనకే బీపీ పెరుగుతుందని భయపడే రకం.

జీవరత్నం ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే మనిషి. ఇంటర్ దాకా చదివింది. పుట్టిల్లు వత్సవాయి, కాపురం జగ్గయ్యపేట. ఈ ఉద్యోగం రాకముందు మిరప కోతలకి పోయేది. మెళ్ళో ఐడీ కార్డు వేసుకుని బస్సెక్కిన మొదటి రోజు, ఆ కార్డు లోపలికి పోకుండా చీర కొంగు రెండుసార్లు సర్దుకుంది.

ట్రైనింగ్‌లో ప్రశ్నలు చదివి వినిపించారు. ఇంగ్లీషులో డాక్టర్ గారు రాసింది చిన్న ముక్క, పురుగుమందు స్ప్రే చేస్తారా అని. దాన్ని ఎవరో హైదరాబాదులో కూర్చుని, ‘మీరు క్రిమిసంహారకములను పిచికారీ చేయుదురా?’ అని తెలుగు చేసి పంపారు.

జీవరత్నానికి నవ్వాగలేదు. “ఇట్టా అడిగితే మావాళ్ళు నన్ను బ్యాంకు నోటీసు తెచ్చిన మనిషనుకుంటారు సార్. ‘మందు కొడతారా’ అని పెట్టండి. ఎవరికైనా అర్థమవుద్ది.”

పార్థసారథి గారికి నచ్చింది. కంపాలాకి రాస్తే డాక్టర్ గారు చాలా బాగుందని జవాబిచ్చారు. ఆ ఉత్తరం ఆయన అందరి ముందూ చదివారు. ఆ తర్వాత రూలు చెప్పారు. ప్రశ్న ఎలా ఉంటే అలాగే చదవాలి, విడమరిచి చెప్పకూడదు, వాళ్ళన్న మాటే రాయాలి. అలవాటు కోసం ఆ పూట ఎవరి ఫారం వాళ్ళే నింపుకున్నారు. జీవరత్నం కూడా నింపింది. పదకొండో ప్రశ్న దగ్గర ‘లేదు’ అని టిక్కు పెట్టి పన్నెండోదానికి పోయింది.

ఈ వైపు మందు అంటే మూడు రకాలు. డాక్టరు ఇచ్చేదీ మందే, చేలో కొట్టేదీ మందే, సాయంత్రం మగవాళ్ళు నలుగురు చేరి కొట్టేదీ మందే. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళని “మందు కొడతారా?” అని అడగ్గానే నవ్వులే నవ్వులు. చిల్లకల్లులో ఒకావిడ, “నేనేం కొట్టను గానీ మా ఆయన రెండు రకాలూ కొడతాడు. ఏది రాసుకుంటావో రాసుకో” అంది. జీవరత్నమూ నవ్వింది. నవ్వి ‘లేదు’ అని టిక్కు పెట్టింది. రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్ళని అడిగితే, ముగ్గురు తప్ప అందరిదీ ‘లేదు’. పని చకచకా సాగింది.

తర్వాత రక్తాలు తీశారు. పురుగుమందు ఒంట్లోకి పోయేకొద్దీ రక్తంలో ఒక పదార్థం తగ్గుతుందట. ఎవరిది ఎంత తగ్గిందో చూస్తే, మందు ఎంత పని చేసిందో తెలిసిపోతుంది. పరీక్షలన్నీ అయి, లెక్కలు తేలాక అందర్నీ పిలిచి పార్థసారథి గారు గోడ మీద బొమ్మ వేసి చూపించారు.

“మందు కొట్టే మగవాళ్ళు ఈ గీత. మందు అంటని ఆడవాళ్ళు ఈ గీత. చూశారా, రెండూ ఒక్కచోటే ఉన్నాయి. ఇద్దరికీ తగ్గింది. కొట్టనివాళ్ళకి కూడా తగ్గిందంటే, కారణం మందు కాదన్నమాట. తిండి కావచ్చు, మరోటి కావచ్చు. పేపరు ఇంకో రెండు వారాల్లో పంపేస్తున్నాం.”

“మరి మూణ్ణెల్లకోసారి డాక్టర్లు ఊళ్ళోకొచ్చి చూస్తారన్నారు కదండీ?” అని జీవరత్నం అడిగింది.

“అది మందు వల్ల హాని ఉందని తేలిన చోటే పెడతారమ్మా. ఇక్కడ తేలలేదుగా.”

ఆ మాట విని ఆమె సంతోషించింది కూడా. హాని లేకపోతే అంతకంటే ఏం కావాలి? రక్తం రిపోర్టులు ఎవరివి వాళ్ళకి ఇచ్చి రమ్మంటే, వత్సవాయివి తీసుకుని పొద్దున్నే బయల్దేరింది.

వత్సవాయిలో ఆమెకి పెద్దమ్మ సౌభాగ్యమ్మ ఉంది, అమ్మకి అక్క. అరవై దాటాయి. రెండేళ్ళుగా ఆవిడకి చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చీర మీదే. రిపోర్టులో చూస్తే రక్తంలో ఆ పదార్థం అందరికంటే అడుగున ఉంది. కింద ‘పౌష్టికాహారం తీసుకోవలెను’ అని అచ్చేశారు. ఇంటికి తాళం వేసి ఉంటే, పత్తి చేలో ఉందని పక్కింటివాళ్ళు చెప్పారు.

చేను గట్టు మీద నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ము పక్కన సౌభాగ్యమ్మ. మందు డబ్బా మూత బిగుసుకుందేమో, పళ్ళతో పట్టి తిప్పింది. మూతతోనే కొలిచి డ్రమ్ములో పోసింది. ఇంకో మూత పోసింది. అప్పుడు చీర చెంగు నడుముకి దోపి, చెయ్యి మోచేతి దాకా ముంచి గిరగిరా కలిపింది. పెదనాన్న పంపు తెచ్చి ముందు పెడితే బకెట్టుతో ముంచి నింపింది. ఆయన పంపు వీపుకెత్తుకుని సాళ్ళలోకి పోయాడు. ఆవిడ తడి చెయ్యి చీరకి తుడుచుకుని, అప్పుడు చూసింది.

“ఏమే రత్నం, ఎప్పుడొచ్చావు?”

జీవరత్నం డ్రమ్ములోకి తొంగి చూసింది. “పెద్దమ్మా, నువ్వు మందు కొట్టనని చెప్పావుగా?”

“నేనెక్కడ కొడతానే? అంత పంపు మోసే ఓపిక నాకెక్కడిది? కొట్టేది మీ పెదనాన్న.”

“మరి ఇదేంటి?”

“ఇది కలపటం.” సౌభాగ్యమ్మ ఆమెని వింతగా చూసింది. “నువ్వు కొడతావా అన్నావు, లేదన్నా. కలుపుతావా అనడిగితే అవుననేదాన్నిగా. అడగందే.”

గట్టు మీద జీవరత్నం చతికిలబడింది. గోడ మీద చూసిన రెండు గీతలు గుర్తొచ్చాయి. మందు అంటని ఆడవాళ్ళు! పంపు మోసేవాడికి మందు గాల్లో తగులుతుంది. ఈవిడకి అసలు మందే, నీళ్ళు కలవని మందే, చేతికీ పళ్ళకీ తగులుతోంది. ఈవిణ్ణి తీసుకెళ్ళి అంటనివాళ్ళ వరసలో కూర్చోబెట్టి, ఈవిడ రక్తం చూపించి, మందు వల్ల ఏం కాదని పేపరు రాస్తున్నారు. కూర్చోబెట్టింది ఎవరో కాదు, తనే.

ఆ రోజు ఆమె రిపోర్టు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ మందు రోజు ఎవరేం చేస్తారని అడిగింది. పద్నాలుగు ఇళ్ళలో పన్నెండిళ్ళ ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, కలుపుతారు, పంపు కడుగుతారు, మొగుడి చొక్కా ఉతుకుతారు, మర్నాడు అదే చేలో కలుపు తీస్తారు. ఒక్కరూ దాచలేదు. దాచాల్సిన విషయమని కూడా వాళ్ళకి తెలియదు. అన్నిటికంటే జీవరత్నాన్ని కుంగదీసింది ఏమిటంటే, ఇవేవీ ఆమెకి కొత్త కాదు. ఆ ఊళ్ళోనే పుట్టింది. తెలియక కాదు, తెలిసింది అడగాలని తోచలేదు.

మర్నాడు పార్థసారథి గారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

“ఇప్పుడిది కదిపితే ఏడాది పని మళ్ళీ మొదటికొస్తుందమ్మా. ప్రశ్న ఎవరు మార్చారంటారు. నీ పేరు చెప్పక తప్పదు. వచ్చే నెలేమో మీ కాంట్రాక్టులు రెన్యువల్ కావాలి. పేపరు చివర ‘కొన్ని పరిమితులున్నాయి’ అని ఒక వాక్యం రాద్దాంలే.”

జీవరత్నానికి భయం వేసింది. వేయదా మరి? ఈ ఉద్యోగం పోతే మళ్ళీ మిరప కోతలే. కానీ ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యంలో సౌభాగ్యమ్మ చెయ్యి ఎలా పడుతుందో ఆమెకి అర్థం కాలేదు.

“శుక్రవారం మీటింగులో నేను చెప్తానండీ. మీరు ఇంగ్లీషులో చెప్పండి చాలు” అంది.

శుక్రవారం మధ్యాహ్నం తెర మీద డాక్టర్ నకాటో వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, వెనక కిటికీలో వాన. పేపరు గురించి మాట్లాడుకున్నాక పార్థసారథి గారు, జీవరత్నం ఏదో చెబుతుందట అన్నారు. జీవరత్నం లేచి నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, వత్సవాయిలో చూసిందంతా తెలుగులో చెప్పింది. తను పెట్టిన మాట వల్లే తప్పు జరిగిందని చెప్పింది. అయిదు నిమిషాలు పట్టింది.

పార్థసారథి గారు దాన్నంతా ఒక్క ముక్కలో తేల్చేశారు. “ఒక ప్రశ్నలో మైనర్ క్లారిఫికేషన్ ఉందంటోంది మేడమ్.”

ఇంటర్ చదివినందుకు ఆ రెండు మాటలూ జీవరత్నానికి బాగానే తెలుసు. “నో మేడమ్!” అంది, ఆయన వైపు చూడకుండా. “మైనర్ కాదు. బిగ్ మిస్టేక్. మై మిస్టేక్. మెన్ స్ప్రే. విమెన్ మిక్స్.” ఆ తర్వాత ఇంగ్లీషు అయిపోయింది. అందుకని కుడి చెయ్యి పైకెత్తి, ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని చూపించింది. ఇక్కడి దాకా, అని. ఆ చేతిని గాల్లో గిరగిరా తిప్పింది.

తెర మీద డాక్టర్ గారు చేతిలో కాగితాలు పక్కన పెట్టారు. తర్వాత ఆవిడ మెల్లగా మాట్లాడింది. ఈసారి పార్థసారథి గారు ఒక్క మాట కూడా మింగకుండా తెలుగులో చెప్పారు.

“స్ప్రే చేస్తారా అన్న ప్రశ్న రాసింది నేను. మీరు దాన్ని సరిగ్గానే తెలుగు చేశారు. వచ్చిన చిక్కే అది. ఇక్కడ మా తోటల్లోనూ అదే ప్రశ్న అడిగాం. ఆడవాళ్ళు లేదన్నారు. మా అమ్మ కాఫీ తోటలో మందు కలిపేది. ఆవిణ్ణి అడిగినా లేదనే అనేది.”

పేపరు ఆగిపోయింది. రెండు దేశాల్లోనూ ఆడవాళ్ళని మళ్ళీ అడగాలని తేల్చారు. పార్థసారథి గారు కాంట్రాక్టు ఊసెత్తలేదు. సాయంత్రం బస్సుకి పోతూ పోతూ, “ఆ మైనర్ అన్న మాట నేను అనకుండా ఉండాల్సిందమ్మా” అని మాత్రం అన్నారు. కొత్త ప్రశ్న నువ్వే రాయమని డాక్టర్ గారు అంటే, జీవరత్నం వద్దంది. ఒకసారి రాసి చూసిందిగా. వాళ్ళనే అడిగి తెస్తానంది.

ఆదివారం చర్చి అయ్యాక సౌభాగ్యమ్మ వసారాలో పదిమంది ఆడవాళ్ళు చేరారు. కలుపుతారా అని పెట్టమంది ఒకతె. మరి కడిగేదాని సంగతేంటంది ఇంకొకతె. నీళ్ళు మోసేవాళ్ళో? బట్టలుతికేవాళ్ళో? కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. చివరికి సౌభాగ్యమ్మ, చేతి వణుకు తెలియకుండా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుని, తేల్చేసింది.

“ఇన్ని ఎందుకే? మందు రోజున పొద్దున లేచిన కాడ్నించి ఏం చేస్తావో చెప్పమ్మా, అనడుగు. అదే చెప్తారు.”

జీవరత్నం పదకొండో ప్రశ్న కొట్టేసి, పైన ఆ మాట రాసుకుంది. మొదట పెద్దమ్మనే అడిగింది. ఆవిడ చెబుతూ పోయింది, ఫారంలో చోటు చాలక వెనక్కి తిప్పి రాయాల్సొచ్చింది. ఒకరి తర్వాత ఒకరు చెప్పి వంటలకి పోయారు. మధ్యాహ్నానికి వసారాలో వాళ్ళిద్దరే మిగిలారు.

“అందరివీ అయినట్టేనా?” అంది సౌభాగ్యమ్మ.

“అయినయ్యి పెద్దమ్మా.”

“నీదో?”

“నాది ట్రైనింగప్పుడే రాశాగా.”

“ఏం రాశావు?”

జీవరత్నం ఫారాలు సర్దుతున్నదల్లా ఆగింది. తన చేత్తో తను పెట్టుకున్న టిక్కు. ఒక్క క్షణం కూడా పట్టలేదు పెట్టడానికి. “లేదని రాశా” అంది.

సౌభాగ్యమ్మ నవ్వలేదు. తెల్ల ఫారం ఒకటి లాగి, జీవరత్నం అందరివీ రాసిన చోట వణికే వేలు ఆనించింది. చదువు రాదు గనక కాగితం చూడకుండా, జీవరత్నం మొహమే చూస్తూ అడిగింది.

“మీ నాన్న కౌలుకి పత్తి వేసినప్పుడు, మందు రోజున పొద్దున లేచిన కాడ్నించి నువ్వేం చేసేదానివో చెప్పమ్మా.”

“బోరు కాడ్నించి నీళ్ళు మోసేదాన్ని” అంది జీవరత్నం. “ఎనిమిదో తరగతి నుంచీ. డబ్బా మూత తీసేదాన్ని. కలిపేదాన్ని.”

“దేంతో?”

“కర్రతోనే. కర్ర కనపడకపోతే...” ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. “చేత్తోనే. కలిపేసి, కడుక్కుని, బడికి పోయేదాన్ని.”

“పెళ్ళయ్యే దాకానా?”

“పెళ్ళయ్యే దాకా.”

“మరి రాసుకో” అంది పెద్దమ్మ.

జీవరత్నం రాసుకుంది.