ముహూర్తానికి పుట్టిన పాప

నీలిమకు ఇంకా నాలుగు వారాల గడువుండగానే మామగారు దశరథం తాండూరులోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసి వచ్చాడు. గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవై. ఆ ఘడియలో బిడ్డ పుడితే తమ నాపరాళ్ల వ్యాపారానికి కలిసి వస్తుందని పంతులు చెప్పాడట. నొప్పులు లేవు, బీపీ లేదు, ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంత తొందర అని నీలిమ భర్తను అడిగింది. నాన్న మాట కాదంటే ఎట్లా అన్నాడు వినయ్.

పాప రెండు కిలోల పైచిలుకు బరువుతో పుట్టింది. మొదటిరోజు వచ్చిన చిక్కటి పసుప్పచ్చ ముర్రుపాలు పసిదానికి అరగవని అత్త అనసూయమ్మ పిండించి పారబోయించి, డబ్బాపాలు పట్టించింది. నర్సు చూస్తూనే డబ్బాపాలకు వేణ్ణీళ్లు తెచ్చిచ్చింది.

తొమ్మిదో రోజు పాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు చల్లబడింది. కారులో వికారాబాద్ ఆసుపత్రికి చేరేసరికి పెదవులు నీలమెక్కాయి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. పదకొండు రోజులు, కుట్లు లాగుతున్నా, నీలిమ పిల్లల వార్డు గోడకు ఆనుకుని కూర్చుంది.

అక్కడి పిల్లల డాక్టరమ్మ ఒక మధ్యాహ్నం ఆమెకు విడమరిచి చెప్పింది. రోగాలను ఎదుర్కొనే శక్తి తల్లి రక్తం నుంచి బిడ్డకు ఎక్కువగా చేరేది చివరి వారాల్లోనేనట. తల్లి నొప్పులు పడేటప్పుడు బిడ్డ ఒళ్లు కూడా బయటి లోకానికి సిద్ధమవుతుందట. ముర్రుపాలు మరికొంత కాపుదల ఇస్తాయట. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, నీ బిడ్డ జబ్బు దీనివల్లే వచ్చిందని కచ్చితంగా చెప్పలేను, కానీ ఏ అవసరమూ లేకుండా ఇంత ముందుగా తీయకూడదు అంది.

నీలిమకు ఏడుపు రాలేదు. సంచిలోంచి నర్సింగ్ హోమ్ కాగితం తీసి వారాల లెక్క చూసుకుంది.

అనసూయమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది. "మా అత్త నాతోని గట్లనే పిండిపిచ్చింది బిడ్డా. నాకేం ఎరుక?" అంది. ఆమె మీద కోపం నిలవలేదు నీలిమకు. వినయ్‌తో మాత్రం మాట్లాడలేదు.

పాప బతికింది. తాండూరు తిరిగొచ్చిన మర్నాడే, పాపను అత్తకు అప్పగించి, ఎవరు వద్దన్నా వినకుండా నీలిమ నర్సింగ్ హోమ్‌కు వెళ్లింది. హాలు నిండా గర్భిణులు. నేరుగా డాక్టరు గది గుమ్మంలో నిలబడింది.

"ముప్పై ఆరు వారాలకే నన్నెందుకు కోసిండ్రు మేడం?"

మీవాళ్లే కదా అడిగింది అంటూ డాక్టరు తలుపు వేయమని నర్సుకు సైగ చేసింది. నీలిమ కదల్లేదు.

"మా మామకు బండలు కోసుడే ఎరుక. డాక్టరు సదువు సదివింది మీరు. గా నాలుగు వారాలల్ల బిడ్డకు ఏమందుతదో మీకెరుక లేదా? నన్ను ఒక్క మాటన్న అడిగిండ్రా?"

డాక్టరు ఇంకో ఫైలు తెరిచి, తర్వాతి పేషెంటును పిలవమంది. హాల్లోని గర్భిణులు గుమ్మం వైపు తిరిగారు.

నీలిమ వచ్చి హాల్లోని బెంచీ మీద కూర్చుంది. పక్కనున్న కొడంగల్ అమ్మాయి ఏమైందని మెల్లగా అడిగింది; తనకూ సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేశారట, ముప్పై ఐదు వారాలేనట. నీలిమ తనకు తెలిసిందంతా చెప్పసాగింది. ఇంతలో కబురందుకుని దశరథం వచ్చాడు. బజార్ల ఇజ్జత్ తీస్తున్నవ్, లెవ్వు అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడనే లేదు. చెప్పడం పూర్తయ్యే దాకా లేవలేదు. ఆ అమ్మాయి ఫైలు సంచిలో పెట్టుకుని, నొప్పులొచ్చినంక వస్తానని నర్సుకు చెప్పి బస్టాండు దారి పట్టింది.