జెయింట్ వీల్ ఎక్కిన ఫర్జానా

"వాడికి నీళ్ళు తాపమాక. దారిలో ఏడ పోయిస్తావ్?" అంది షాహిదా, తెల్లారీ తెల్లారకముందే కోడలితో. అని, తను మాత్రం గ్లాసు నిండా టీ పోయించుకుని, చాలక ఇంకో సగం అడిగి తాగింది.

ఫర్జానా నిన్నటి బక్రీదు కూర వేడిచేసి డబ్బాలకెత్తుతూ, అత్త గుమ్మం దాటేదాకా ఆగి, కొడుకు దగ్గరికెళ్ళి గ్లాసుడు నీళ్ళు మెల్లగా తాపింది. సుహైల్ గుటక గుటకకీ నవ్వుతూనే ఉన్నాడు. నెల రోజుల నుంచి వాడి నోట ఒకటే మాట, "చక్రం". గుంటూరు దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన పార్కులో జెయింట్ వీల్ ఉందని ఫోన్లో చూశాడు. పండగ మర్నాడు వాళ్ళ నాన్న ఉస్మాన్ ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు మూసేస్తాడు కాబట్టి ఆ రోజే ప్రయాణం. వాడికి రాత్రంతా నిద్ర లేదు. నిజం చెప్పొద్దూ, ఫర్జానాకీ లేదు.

నీళ్ళు తాపకుండా తీసుకెళ్ళడం ఆమెకు తెలియని విద్యేం కాదు. పోయినేడాది మాచర్లలో పెళ్ళికి అట్లాగే ఎండబెట్టి తీసుకెళ్ళింది. తనూ ఎండింది. పెళ్ళి బాగా జరిగింది, అందరూ బిర్యానీ మెచ్చుకున్నారు, మూడో నాటికి పిల్లాడికి చలి జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నాడు నర్సరావుపేట డాక్టరు. "పిల్లాడికి నీళ్ళు తాపాలని తెలీదామ్మా?" అని ఫర్జానా మొహం చూసి అడిగాడు. పక్కనే ఆరడుగుల మనిషి ఉస్మాన్ నిలబడి ఉన్నా డాక్టరు కంటికి ఆనలేదు. పైగా ఇంటికొచ్చాక ఉస్మాన్ కూడా, "నీకా మాత్రం తెలవదా ఏందే?" అన్నాడు. తాపొద్దన్న షాహిదా ఆ పూట తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. ఇంట్లో మంచి జరిగితే పదిమందీ పంచుకుంటారు, చెడు జరిగితే మటుకు అది నేరుగా వంటింట్లోకే నడిచొస్తుంది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. సుహైల్‌కి పన్నెండేళ్ళు నిండాయి. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకున్నాయి, ఎడం చెయ్యి మాట వినదు, మాట ముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం పాదరసం. పై పెదవి మీద నూగు మొదలైంది, దాంతోపాటే సిగ్గూ మొదలైంది. మొన్నటిదాకా ఎక్కడికెళ్ళినా ఆటో చాటునో కారు తలుపు చాటునో కొంగు అడ్డం పెట్టి సీసా పట్టేది. ఆ మధ్య కోటప్పకొండ రోడ్డులో అట్లాగే పడుతుంటే బండి మీద పోతున్న కుర్రాళ్ళు ఆగి మరీ నవ్వారు. సుహైల్ ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి పడుకోబెడుతుంటే మాత్రం, "అమ్మా, నేను పెద్దోణ్ణి. రోడ్డు మీద వద్దు," అన్నాడు. ఆ ముద్ద మాట మిగతావాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఆమెకి అయింది. "ఇంకెప్పుడూ రోడ్డు మీద కాదురా. గదిలోనే, తలుపేసి," అని మాటిచ్చింది. ఇవాళ ఆ మాట నిలబెట్టుకోవాలి. చక్రం ఎక్కినా ఎక్కకపోయినా, పిల్లాడి ప్యాంటు తడవకుండా, వాడి తల దించకుండా ఇంటికి తేవాలి.

పార్కులోకి అడుగు పెట్టగానే ఫర్జానా భయాలన్నీ గేటు దగ్గరే ఆగిపోయాయి. ఎక్కడ చూసినా రంగులు, పాటలు, పిల్లల కేకలు, వేయించిన మొక్కజొన్న వాసన. సుహైల్ చక్రాల కుర్చీలో నిలవడం లేదు. మంచి చెయ్యి ఊపుతూ బొమ్మ రైలు చూపిస్తాడు, అది చూసేలోపు పడవ చూపిస్తాడు. ఉస్మాన్ వాణ్ణి భుజానెత్తుకుని బొమ్మ రైలెక్కించాడు. చుట్టుపక్కలవాళ్ళు, "ఎంత మంచి నాయనో," అన్నారు కూడా. మంచి నాన్నే, కాదనలేం. కొడుకంటే ప్రాణం. బొమ్మలు తెస్తాడు, భుజాన మోస్తాడు, ఎవరైనా జాలి పడితే పోట్లాటకెళతాడు. ఒక్క ఆ పని మాత్రం ముట్టుకోడు. "నా వల్ల కాదే. నీ చెయ్యి పడితేనే వాడికి సుఖం," అంటాడు. మొదట్లో ఆ మాటకి ఫర్జానా పొంగిపోయేది. పొగడ్త కూడా ఒక్కోసారి కట్టుకొయ్యేనని తెలుసుకోవడానికి ఆమెకి చాలా ఏళ్ళు పట్టింది. ఈ పన్నెండేళ్ళలో పుట్టింటికి ఒంటరిగా పోయి ఒక్క రాత్రి ఉండింది లేదు.

రైలు దిగాక సుహైల్ ఆమె కొంగు రెండుసార్లు లాగాడు. అది వాళ్ళిద్దరి గుర్తు. వచ్చిందన్నమాట.

చక్రాల కుర్చీ బొమ్మ వేసిన బాత్రూం గది ఉంది, చూసి సంబరపడింది. తలుపు తీస్తే లోపల తుడుపు కర్రలు, బకెట్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన ప్లాస్టిక్ బాతు ఒకటి. మనిషి పట్టేంత చోటు లేదు. సరే అని ఆడవాళ్ళ వైపు కుర్చీ తోసింది. అక్కడ కాపలా కూర్చున్నామె లేచి అడ్డం నిలబడింది.

"పిల్లాడు పెద్దోడమ్మా. లోపల ఆడపిల్లలుండారు, గొడవ చేస్తారు. నన్ననమాక తల్లీ," అంది.

ఆమెనేమంటుంది? సుహైల్ చెవులు ఎర్రబడ్డాయి. తల కిందికి దిగుతోంది. వాడి మోకాళ్ళు ఒకదానికొకటి నొక్కుకోవడం ఫర్జానా చూసింది. ఇంకెంతో సేపు ఆపుకోలేడు.

"ఆ చెట్ల ఎనక్కి తీసకపో, ఎవురు జూస్తారు," అంది షాహిదా.

"చూస్తారు," అన్నాడు సుహైల్. ఈసారి ఆ మాట అందరికీ అర్థమైంది.

ఫర్జానా మొగుడి వైపు తిరిగింది. మగవాళ్ళ గది నాలుగడుగుల దూరంలో, తలుపులు బార్లా తీసి, ఆయన కోసమే కట్టించినట్టుంది. ఇన్నేళ్ళూ ప్రతి ఊళ్ళో, ప్రతి ఆస్పత్రిలో, ప్రతి ఫంక్షన్ హాల్లో ఆ తలుపు అట్లాగే తెరిచి ఉంది. తను మాత్రం చెట్లు వెతికింది, కారు తలుపులు వెతికింది, కొంగు అడ్డం పెట్టింది. దారి లేక కాదు. దారిలో నడవాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు, తనతో సహా. ఆ సంగతి తట్టేసరికి ఆమెకి కోపం రావాల్సింది పోయి, ఎందుకో గుండె దడదడా కొట్టుకుంది, పరీక్షలో జవాబు దొరికిన పిల్లలాగా.

"నువ్వు తీసకపో," అంది.

"నేనా? నాకు తెలవదే ఎట్టాగో!"

"మొగోడు చేసే పనేనా అది?" అంది షాహిదా.

"మొగోళ్ళ గదిలో మొగోడే చెయ్యాల అత్తా, నన్ను రానియ్యరుగా," అని, పిల్లాడి గుడ్డల సంచీ ఉస్మాన్ భుజానికి తగిలించింది. "ట్రాక్టర్ గేర్‌బాక్స్ ఒంటిచేత్తో దించుతావు. నీ కొడుకును దించలేవా? పో, వాడికి ఆగదు."

ఉస్మాన్ తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, చివరికి కొడుకు మొహం చూశాడు. కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయాడు.

ఫర్జానా అలవాటుగా గుమ్మం దగ్గరే నిలబడింది. నిలబడితే పిలుస్తాడని తెలుసు. పిలిస్తే పోతానని అంతకన్నా బాగా తెలుసు. ఎదురుగా జెయింట్ వీల్ ఆగి జనాన్ని ఎక్కించుకుంటోంది. కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"యాడికే?" అంది షాహిదా.

"పైకి," అంది ఫర్జానా.

టిక్కెట్ తీసుకుని ఊగుతున్న తొట్టిలో కూర్చుంది. కడ్డీ వేశారు. జనం ఎక్కేకొద్దీ ఆపుతూ ఆపుతూ చక్రం పైకి పోతోంది. కింద షాహిదా నోరు తెరిచి చూస్తోంది, చిన్నదైపోతోంది. గాలికి కొంగు లేచి మొహాన కొట్టింది. అరవాలనిపించింది, అరిచింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ అరుస్తున్నారు. ఒళ్ళో పిల్లాడు లేకుండా, చేతిలో సంచీ లేకుండా తన రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. అమ్మయ్యో, ఎంత తేలిగ్గా ఉన్నాయి ఈ చేతులు!

సరిగ్గా పైకి చేరాక ఫోన్ మోగింది.

"ఏమే, యాడున్నావ్? లోపలికి రావే, ఈడెవరూ లేరు. ఒకరిద్దరే ఉన్నారు."

"రాను. చెప్తా, ఇను. స్పీకర్ పెట్టి ఫోన్ గట్టు మీద పెట్టు."

"కాళ్ళు కర్రల్లాగా బిగబట్టాడే! వంగట్లా!"

"నువ్వు లాగావు, అందుకే. లాగమాక. ముందు కుర్చీకి బ్రేకు వేశావా? వెయ్యి. పట్టీలూడదియ్. మోకాళ్ళ కింద చెయ్యేసి ఊరుకో. వాడే వదులుతాడు. తుప్పు పట్టిన బోల్టు మీద సుత్తేస్తావా నువ్వు? ఆయిల్ పోసి ఆగవూ?"

అవతల కుర్చీ బ్రేకు టక్కుమంది. తర్వాత, "వదిలాడే," అన్నాడు, నమ్మలేనట్టు.

"ఆ. ఇప్పుడు వాడి మంచి చెయ్యి నీ మెడకేయించుకో. నడుం కింద పట్టుకుని ఎత్తు."

"అన్నా, నేను కుర్చీ పట్టుకుంటా," అని వేరే గొంతు వినిపించింది. ఇంకెవరో, "అక్కా, తలుపుకు గడి లేదు, నేనాపుతా, మీరు చెప్పండి," అన్నారు. మగవాళ్ళ గదంతా తన గొంతు వింటోందని అర్థమై ఫర్జానాకి నవ్వాగలేదు. మేఘాల దాకా పోయి మగాళ్ళకి పాఠం చెబుతోంది!

"కూర్చోబెట్టా. నన్ను చూడొద్దంటన్నాడే వీడు."

"అయితే మొహం తిప్పుకో. పెద్దోడు, సిగ్గుండదా? చెయ్యి మాత్రం వదలమాక, ఒరిగిపోతాడు. ఏదన్నా మాట్లాడు, వాడి భయం పోద్ది."

"ఏం మాట్లాడనే?"

"పన్నెండేళ్ళ కొడుకుతో మాట్లాడేదానికి కూడా నన్నే అడగాల్నా? ట్రాక్టర్ల గురించి చెప్పు."

ఉస్మాన్ గొంతు సవరించుకున్నాడు. బొల్లాపల్లి రైతు ఒకాయన ఇంజనులో డీజిల్‌కి బదులు కిరసనాయిలు పోసుకొచ్చిన కథ మొదలుపెట్టాడు. చక్రం ఒక చుట్టు తిరిగింది. ఫర్జానా ఫోన్ చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకుంది. కథలో రైతు ఇంకా షెడ్డు దాకా రాకముందే సుహైల్ పకపకా నవ్వాడు, ఆ నవ్వు మధ్యలో నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది.

"పోశాడే!" అని ఉస్మాన్ అరిచాడు, చచ్చిన ఇంజను స్టార్టయినట్టు. వెనక ఎవరో ఈల కూడా వేశారు.

ఫర్జానాకి కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. సంతోషం, సందేహం లేదు. అందులో పన్నెండేళ్ళ ఉక్రోషం కూడా కొంచెం కలిసే ఉంది. ఇంత చిన్న పనా! ఒక కథ చెప్పినంత సేపా!

చక్రం మళ్ళీ సగం కిందికి తెచ్చేసరికి వాళ్ళిద్దరూ బయటికొచ్చారు. ప్యాంటు పొడిగా ఉంది, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టి ఉంది. సుహైల్ తలెత్తి వెతికి ఆమెను పట్టుకున్నాడు. మంచి చెయ్యి గాల్లోకెత్తి, "అమ్మా! నేనూ!" అని అరిచాడు. ఆమె లేచి నిలబడబోయి, కడ్డీ అడ్డమొచ్చి, కూర్చునే రెండు చేతులూ ఊపింది. షాహిదా కూడా ఏమనుకుందో ఏమో, మనవడి గుండీ సరిచేసి పైకి చూసింది.

ఫోన్లో ఉస్మాన్ ఆయాసంగా నవ్వుతున్నాడు. చెమటలు తుడుచుకుంటున్నాడు.

"హమ్మయ్య, గండం గడిచింది," అన్నాడు. "ఇంక దిగిరా, నీ పిలగాణ్ణి నువ్వు పట్టుకో."

"గండమేంది?" అంది ఫర్జానా. "వాడికి రోజూ వస్తది. వాణ్ణి తీసుకుని నువ్వే ఎక్కు, పక్కన కూర్చో, కథ సగంలో ఆగింది. రేపటి నుంచి పొద్దున పూట వాడి పని నీది."