కియెన్ తాత వెదురు కర్ర

మా కాలువ మొదట్లో తూము కట్టి మూడేళ్లయింది. ఎండాకాలంలో సముద్రం నుంచి ఉప్పునీళ్లు నదిలోకి ఎగదన్నుకుని వచ్చినప్పుడు తూము తలుపులు దించేస్తారు. అప్పటినుంచి లోపలి పొలాలన్నీ రెండు పంటలు పండుతున్నాయి. మా తొమ్మిది కోంగ్‌ల పొలం మాత్రం తూముకి బయట, పక్క కాలువ మీద ఉంది. పోయినేడు సరిగ్గా గింజ పాలుపోసుకునే వేళకి ఉప్పు తగిలి, చేను తెల్లగా మాడిపోయింది.

ఆ పక్క కాలువకీ తూము కడతామన్నారు ప్రాజెక్టువాళ్లు. ఒకటే షరతు. మొదటి తూము వల్ల బాగుపడిన భూమి నూట ఇరవై హెక్టార్లకు తగ్గకూడదు. తగ్గితే రెండో తూము వేరే జిల్లాకి పోతుంది. అదే జరిగితే బిన్ జువాంగ్‌లో చెప్పుల ఫ్యాక్టరీకి పోతానన్నాడు నా మొగుడు జుంగ్. అన్నవాడు ఊరుకోక సంచీ కూడా సర్దేశాడు. నాలుగు రోజులుగా అది గుమ్మం పక్కనే కూర్చుంది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది.

ఇంటింటి నుంచీ పొలం లెక్కలు రాయించుకుపోయిన సర్వేయరు ఖోయి ఆ ఉదయం మళ్లీ వచ్చాడు. కాఫీ కొట్టులో కాగితాలు పరిచి, తల ఎత్తకుండా చెప్పాడు.

"మొత్తం వెయ్యి కోంగ్‌లు తేలాయక్కా. అంటే వంద హెక్టార్లు. ఇరవై తక్కువ. సాయంత్రంలోగా ఆఫీసుకి పంపేయాలి."

నా గుండె జారిపోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. నాకు దిగులు ఎక్కువసేపు నిలవదు, కోపంగా మారిపోతుంది.

"కూర్చుని కాగితాలు తిప్పితే భూమి తేలుతుందా తమ్ముడూ? మోకాళ్ల దాకా పంట ఉందిక్కడ. లేచి రా, కొలిచి చూడు!"

"కొలిచినా అంతేనక్కా. మీవాళ్లు రాసిచ్చిన లెక్కేగా."

"రమ్మంటే రావేం? చెప్పులకి బురదంటుతుందనా?"

ఐస్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు పాపం. దారిలో కియెన్ తాతని కేకేశాను. కోతల కాలంలో కూలీలు ఎంత కోశారో కర్రతో కొలిచి చెప్పేది ఆయనే. రైతైనా కూలీ అయినా ఆ మాటకి ఎదురుచెప్పరు. పళ్లూడిపోయినా నోరు మాత్రం గట్టిది.

తాత పొలాన్నే కొలిచాం. కాగితంలో పది కోంగ్‌లని ఉంది. ఖోయి చేతిలో జీపీఎస్ పట్టుకుని గట్టు చుట్టూ నడిచాడు. తాత వెదురు కర్రని ఒక కొస తర్వాత ఇంకో కొస నేలకి ఆనిస్తూ వెళ్లాడు. వెడల్పు పన్నెండు కర్రలు, పొడవు నూట ఇరవై.

"పదంటే పదే. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు తాత.

ఖోయి యంత్రం వంక చూశాడు, పొలం వంక చూశాడు, తల గోక్కున్నాడు. "పన్నెండు వేల తొమ్మిది వందల అరవై చదరపు మీటర్లు చూపిస్తోంది. పది కోంగ్‌లంటే పదివేలే కదా ఉండాలి?"

"నీ డబ్బాకి ఎండదెబ్బ తగిలింది నాయనా. నీడలో పెట్టు."

ఖోయి నవ్వలేదు. సంచీలోంచి టేపు తీసి కర్రకి ఆనించాడు. సరిగ్గా మూడు మీటర్లు.

"తాతా, ఒక కోంగ్‌కి ఎన్ని కర్రలు?"

"నిలువు పన్నెండు, అడ్డం పన్నెండు. మా తాత నాటి కొలత. ఇది కూడా తెలీకుండానే ఉద్యోగమిచ్చారా నీకు?"

ఖోయి గట్టు మీదే చతికిలపడి లెక్కవేశాడు. "ముప్పైఆరు, ముప్పైఆరు... వెయ్యిన్నీ రెండు వందల తొంభై ఆరు! మా ఫారంలో కోంగ్ అంటే వెయ్యే. మీరంతా కర్ర లెక్కలో రాసిచ్చారా?"

"మరి దేంతో కొలుస్తాం, మూరలతోనా?" అన్నాను.

"చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వడిగావా?"

మధ్యాహ్నం దాకా ఇంకో ఆరు పొలాలు తిరిగాం. అన్నిట్లోనూ అదే తేడా. చివరికి ఖోయి వెయ్యి కోంగ్‌లనీ మళ్లీ హెచ్చవేసి, నూట ఇరవైతొమ్మిది పాయింట్ ఆరు హెక్టార్లు అని పైకి చదివాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపొస్తుంటే ముక్కు చీదేసి, ఎండు చేపలు కాల్చి ఇద్దరికీ అన్నం పెట్టాను. తాత రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తిన్నాక ఖోయి కొత్త కాగితం తీశాడు. రెండో తూము కింద బాగుపడబోయే పొలాల జాబితా. మొదటి పేరు నాదే.

"తొమ్మిది కదక్కా?" అంటూ కలం ఆనించాడు.

"ఆగు!" కర్ర లాక్కుని నేలకేసి కొట్టాను. "పదకొండు వేల ఆరు వందల అరవై నాలుగు మీటర్లని రాయి. ఒక్క మీటరు తగ్గిందా, ఊరు దాటనివ్వను."

రాశాడు. నేను లోపలికి వెళ్లి గుమ్మం పక్కనున్న సంచీని మంచం మీద బోర్లించాను. జుంగ్ చొక్కాలన్నీ ఒక్కొక్కటే దులిపి మళ్లీ మేకులకి తగిలించాను.