మళ్లీ ఊగిన చక్రం

ఆమె చొక్కా కాలరును వెనక్కి తిప్పి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె మొనను అంచు వెంట నడిపింది. ఆవిరి మొహానికి కొట్టింది. లాండ్రీలో మునుపు చాలామంది ఉండేవారు. ఇప్పుడు మిగిలింది ఇద్దరు, ఆ ఇద్దరిలో ఆమే పెద్దది. మణికట్టు మీద కాలిన మచ్చలు, పిక్కల్లో ఉబ్బిన నరాలు. పొద్దుటినుంచీ నిలబడే ఉంది. అయినా ఆవేళ ఆమె ధ్యాసంతా ఇంట్లో, బల్ల మీద గాజుగిన్నె బోర్లించి వచ్చిన గడియారం మీదే ఉంది.

గడియారాలు బాగుచేసే పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక అది కూడు పెట్టలేదు గానీ, సెలవు రోజుల్లో పాతసామాన్ల కొట్టునుంచి కీ ఇచ్చే గడియారాలు తెచ్చుకుని, విప్పి, కడిగి, నడిపించుకునేది. లోకంలో తనదంటూ ఉన్న సరదా అదొక్కటే. తర్వాత కళ్లకు శుక్లాలొచ్చాయి. మరలు కనపడక పనిముట్ల పెట్టె అటకెక్కింది. ఏళ్ల తర్వాత, అక్క పోరు పడలేక ఆపరేషన్ చేయించుకుంది. చూపు కుదుటపడగానే అక్కే ఆ పెట్టె దింపించి, దుమ్ము తుడిచి ముందు పెట్టింది.

"ఇకనైనా నా మొహం చూస్తూ కూర్చోకు. నాకు విసుగ్గా ఉంది" అంది.

అక్కకు ఊపిరితిత్తుల జబ్బు. భర్త పోయినప్పటినుంచీ పెళ్లి ఊసెత్తని ఈ చెల్లెలి దగ్గరే ఉంటోంది. మంచానికీ కిటికీకీ మధ్యే బతుకు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. పెదవులు కాస్త నల్లబడ్డట్టు కనిపించాయి. డాక్టరు దగ్గరికి పోదామంటే రేపు చూద్దామంది. ఆ మాట చెల్లెలికి హాయిగా వినిపించింది. అందుకు లోలోపల సిగ్గుపడుతూనే చేతులు కడుక్కుని, మంచానికి వీపు పెట్టి బల్ల ముందు కూర్చుంది.

"మళ్లీ ఆ పురుగులతోనేనా?" అంది అక్క. మరలను ఆమె పురుగులనే అంటుంది.

"ఇవాళ లేచి నడుస్తాయి, చూడు."

ఆడవాళ్లు పెట్టుకునే గోరంత చేతిగడియారం. లోపల వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకచోట వంకరపోయింది. కంటికి భూతద్దం బిగించి, ఊపిరి బిగబట్టి, సూదిమొనతో దాన్ని దారికి తెచ్చింది. చక్రం ఇరుసు మాత్రం గుంటలో కూర్చోలేదు. పెట్టిన కొద్దీ జారింది.

"ఇటు రావే ఒకసారి" అంది అక్క.

"ఉండవే. దొరికేట్టుంది."

అక్క మళ్లీ పిలవలేదు. చెల్లెలు తలెత్తలేదు. కిటికీలో వెలుగు పలచబడుతుంటే దీపాన్ని దగ్గరికి లాక్కుంది. చివరికి ఇరుసు కూర్చుంది. కీ తిప్పగానే చక్రం వణికి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆమెకు నవ్వొచ్చింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

"నడిచిందే" అంటూ లేచి, గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని వెళ్లి, కళ్లు మూసుకున్న అక్క చెవి దగ్గర పెట్టింది. పెట్టాక తెలిసింది.

పక్కింటివాళ్లు వచ్చారు. ఎప్పుడు పోయిందని అడిగారు. గడియారం గుప్పిట్లో పట్టుకునే, తెలీదంది. వాళ్లు మరోసారి అడగలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారన్న సంగతి వాళ్లకు తెలుసు.

మర్నాడు అంతా అయ్యాక తలుపు వేసుకుని, పనిముట్లను ఊడ్చి పెట్టెలోకి తోసేసింది. ఇక ఈ జన్మలో వాటిని ముట్టనని ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరూ లేరు. పక్క దులపబోతే, మంచం అవతల, గోడవైపు స్టూలు మీద మూతపెట్టిన పళ్లెం కనిపించింది.

మూత తీసింది. కమలా తొనలు. చెల్లెలికి పీచు గిట్టదని అక్క ఒక్క పోగైనా లేకుండా ఒలిచి, వరసగా పేర్చిన తొనలు, అంచులు అప్పటికే ఎండి ముడుచుకుపోతున్నాయి.