గుడ్డ కప్పిన సీసా

వైన్‌కు మార్కులు వేసే బల్ల దగ్గర వెండెలిన్‌కు చాలా ఏళ్లుగా ఒక కుర్చీ ఉంది. తోటలు తక్కువ, పరపతి అంతకన్నా తక్కువ. లోకంలో ఆయన మాట చెల్లే చోటు అదొక్కటే.

సీసాలన్నీ బూడిదరంగు గుడ్డ తొడుగుల్లో వస్తాయి. ఎవరి తోటదో చెప్పరు; ఏ సీసా ఏ బల్లకు వెళ్లిందో తోటవాళ్లకూ తెలియదు. ఏ ఏడాది పంట, ఏ ద్రాక్ష, నాణ్యతలో ఏ మెట్టు పేరు అడుగుతున్నారు, అంతే చెబుతారు. స్పేట్‌లేజె అన్న పైమెట్టు పేరు సీసా లేబుల్ మీద రాసుకోవాలంటే పండు తీగ మీదే ఆలస్యంగా మాగాలి. తీపి దానంతటది ఎక్కాలి, బయటి చక్కెర చిటికెడు కూడా పడకూడదు. రసం తీపి కొలతలో నెగ్గినా సరే, చివరికి ఆ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి నోళ్లలో నెగ్గకపోతే కిందిమెట్టుకు దిగాల్సిందే.

ఆ వసంతంలో ఒక ఉదయం ఓ రీస్లింగ్ ద్రాక్ష వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే వెండెలిన్ చెయ్యి ఆగిపోయింది. తడిసిన పలకరాయి వాసన, దాని వెనక పొగ. గుటక చివర పీచ్ పండు గింజ చేదు. సందేహమే లేదు, సెవెరీన్ కొండ మీది పండే.

ఆ కొండను వెండెలిన్ తండ్రి బతికినంతకాలం కౌలుకు చేశాడు. అమ్మకానికి వచ్చిన రోజు దాన్ని అదే ఊరివాడైన సెవెరీన్ కొనుక్కున్నాడు. ఆనాటినుంచి వెండెలిన్ అతనితో మాట్లాడలేదు, చర్చిలో అతని వెనక బెంచీలో కూడా కూర్చోలేదు.

ఎవరి వైనో గుర్తుపట్టినవాడు ఆ మాట చెప్పి బల్ల దగ్గరనుంచి లేచిపోవాలి. రూలు అదే. వెండెలిన్ లేవలేదు.

"ఏం పెద్దాయనా, నోట్లో పోసుకుని నిద్రపోయారా?" అన్నాడు పక్క కుర్చీలోని టిల్మన్.

వెండెలిన్ రుచి చూసిన వైన్‌ను బల్ల పక్క తొట్టిలోకి ఉమ్మాడు. "ఇది స్పేట్‌లేజె కాదబ్బాయ్. వట్టి పలచన. పైమెట్టు పేరు తగిలించి కిందిమెట్టు సరుకు పంపారు."

"నాకు బానే ఉందే! ఆ చివర చేదు ఎంత బావుందో..."

"ఆ చేదే చెప్తోంది, తొందరపడి కోశారని. ఎన్ని చూశాను నేను!"

టిల్మన్ ఇంకో గుక్క తీసుకున్నాడు. ఒకసారి చెవిలో పడ్డ మాట నాలుక మీదకు దిగడానికి ఎంతసేపు పడుతుంది? "మీరన్నాక అలాగే అనిపిస్తోంది" అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. వైన్ ఒక మెట్టు దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం వెండెలిన్ ఆపిల్ గుజ్జుతో బంగాళాదుంప అట్లు మారు వడ్డించుకుని తిన్నాడు. ఈల కూడా వేశాడట.

తీగలు పూతకొచ్చిన ఒక ఆదివారం కూతురు మరైకె అత్తవారి ఊరినుంచి వచ్చింది. వంటింటి బల్ల మీద లేబుల్ లేని సీసా పెట్టింది.

"నాన్నా, కోప్పడనంటే ఒకటి చెప్తా."

"చెప్పవే తల్లీ."

"సెవెరీన్ మామకి మోకాళ్లు పోయాయి. కిందటి కోతలప్పుడు నువ్వు తుంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉంటే, కొండ మీద పండంతా నాకే ఇచ్చాడు. నేనే కోశాను, నేనే పిండాను. మా ఆయన ఇంటిపేరుతో పరీక్షకి పంపాను. నీ కూతురినని ఎవరూ జాలి చూపక్కర్లేదని."

వెండెలిన్ భార్య అడెల్‌గుండ్ పొయ్యివైపు తిరిగిపోయింది. అంటే ఆమెకూ తెలుసు. ఊరంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. ఆయన నోటికి జడిసి ఒక్కరూ చెప్పలేదు.

"పోయింది నాన్నా. స్పేట్‌లేజె కాదన్నారు." మరైకె గ్లాసు నింపింది. "నీ నాలుకంటే నాకు నమ్మకం. ఎక్కడ చెడగొట్టానో చెప్పు."

వాసన చూడనక్కర్లేదు. అయినా చూశాడు. పలకరాయి, పొగ.

"బావుంది" అన్నాడు.

"బావుంటే నలుగురు నలుగురూ కాదంటారా? తొందరపడి కోశానన్నారు. ఈసారి నవంబరు దాకా కొయ్యను. వానలొచ్చినా సరే."

నవంబరు వానలో ఆ కొండ ఎలా ఉంటుందో వెండెలిన్‌కు తెలుసు. గుత్తులకు గుత్తులు కుళ్లి చేతిలోనే జారిపోతుంటే, తండ్రి పంటంతా నేలపాలు చేసి కూలబడటం కళ్లారా చూశాడు.

"కోత ఆపొద్దమ్మా. ఈ వైనే మళ్లీ పంపు. వేరేవాళ్లు చూస్తారు."

"మొదట చూసినవాళ్లకి నాలుకలు లేవా?"

"ఉన్నాయి. అందులో ఒకడు..." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఒకడు కొండను గుర్తుపట్టాడు. సెవెరీన్‌దే అనుకున్నాడు. రూలు ప్రకారం లేచిపోవలసినవాడు, లేవలేదు."

మరైకె నవ్వింది, తండ్రి వేళాకోళమాడుతున్నాడనుకుని. తర్వాత ఆయన మొహం చూసింది. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

అరిచినా బావుండేది. ఆమె అరవలేదు. గిన్నెలు తుడిచే గుడ్డ తీసి సీసాకు చుట్టి, ముడివేసి, ఆయన ముందుకు జరిపింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. ఎవరిదో తెలీదనుకో. మార్కు వెయ్యి."

గ్లాసు కాడ పట్టుకున్నాడు గానీ అది బల్ల మీదనుంచి లేవలేదు. "రేపే వెళ్లి కుర్చీ వదిలేస్తాను. జరిగింది అక్కడే చెప్తాను."

"అది రేపటి మాట. ముందు సెవెరీన్ మామకి చెప్పు. 'నా కొండకి ముసలితనం వచ్చిందమ్మా, నాతోపాటే పోతోంది' అని ఆ మనిషి కుమిలిపోతున్నాడు."

వెండెలిన్ ఒక చేత చేతికర్ర, ఒక చేత గుడ్డ చుట్టిన సీసా పట్టుకుని వీధిలోకి వచ్చాడు. ఆదివారం కదా, అందరూ కిటికీల దగ్గరే ఉన్నారు. పరాయివాడైన సెవెరీన్‌కు చేసిన పనిగా ఉన్నంతకాలం ఇది తనకు తప్పుగా తోచలేదన్న సంగతి దారిలోనే తెలిసింది. తుంటి కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

సెవెరీన్ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల తర్వాత తన గేటు తీసుకుని లోపలికి వస్తున్న మనిషిని చూసి కళ్లు చికిలించాడు.

"నువ్వేనా వెండెలిన్! ఏంట్రా అది, గుడ్డ చుట్టావు? నాకు తెలియని వైనా?"

వెండెలిన్ ముడి విప్పబోయాడు. బిగుసుకుపోయింది. "నీ కొండ వైనే. దాన్ని మెట్టు దించింది నేను" అన్నాడు.