మొవ్వాకు

నడుముదాకా నీళ్ళలో నిలబడి పెంటయ్య కుళ్ళిన తామరాకును కొడవలితో కోసి గట్టుమీదికి లాగుతున్నాడు. పసిపిల్లను పడుకోబెట్టగలిగినంత ఆకు. అంచులు పళ్ళెంలా పైకి లేచి ఉంటాయి గాని అడుగంతా ముళ్ళే. ముప్పై ఏళ్ళుగా ఆ ముళ్ళు గుచ్చుకుని అతని అరచేతులు బెరడు కట్టాయి. పోర్ట్ లూయీ రేవు నుంచి రైలెక్కి ఈ పాంప్లెమూస్ తోట చూడ్డానికొచ్చే దొరలూ దొరసానులూ ఎప్పుడూ ఈ చెరువు చుట్టూనే మూగేవారు. ఈ ఏడు చెరువు మొహం చూసే నాథుడు లేడు. అందరూ మెడలు విరుచుకుని శ్రీతాళం చెట్టునే చూస్తున్నారు.

శ్రీతాళం పూసింది. మనిషి ఆయుష్షంత కాలం బతికి, ఒకే ఒక్కసారి పూసి, కాయలు రాల్చి చచ్చిపోయే తాటి జాతి చెట్టు అది. ఆకులన్నిటి మీదా మీగడ రంగు పూలగుత్తి ఇల్లంత ఎత్తున లేచింది. దొరసానులకు ముచ్చటగానే ఉంది. పెంటయ్య మాత్రం అది కనబడినప్పుడల్లా తల తిప్పుకుంటున్నాడు. పూసిన శ్రీతాళం ఇక మొవ్వ వెయ్యదు, విచ్చుకోని లేతాకు ఇక రాదు.

ఆ మొవ్వాకు కోసమే వెంకయ్య అయిదేళ్ళుగా అతన్ని అడుగుతున్నాడు.

చెరకు ఎస్టేటు కూలీల కాంపులో శనివారం రామభజనకు వెంకయ్యే పెద్ద. ఆయన తండ్రి కూలీగా ఈ దీవిలో ఓడ దిగినప్పుడు మూటలో తాటాకు మీద రాసే ఒక ఇనప గంటం, నోట్లో నూరు పాటలు తెచ్చుకున్నాడు. పల్లవి అందుకోవడానికి కాంపంతా ఉంది. చరణాలు తెలిసింది మాత్రం ఇప్పుడు వెంకయ్య ఒక్కడికే. ఆయనకు చూపు పోయింది.

"కాయితం మీద సిరా నా యేళ్ళకి తెలీదురా పెంటయ్యా," అనేవాడు. "ఆకు మీద గీతైతే తడుముకుంటే తెలుస్తాది. శ్రీతాళం మొవ్వాకొకటి తెచ్చియ్యి. కన్నుమూసే లోపల పాటలు రాసీగల్ను."

"రేపు తెస్తాను మామా," అనేవాడు పెంటయ్య.

తోటలో ఆకు ముట్టుకుంటే పని ఊడుతుందని అతని భయం. అలాగని అతనికి ఎవరూ చెప్పలేదు. తనంతట తనే అనుకున్నాడు. రెండేళ్ళ కిందట తుపాను వెలిశాక, విరిగిన కొమ్మలు పోగేసి కాలుస్తుంటే మొవ్వాకు అతని కాళ్ళ దగ్గరే దొరికింది. దంతం రంగులో, ఇంకా విచ్చుకోకుండా, చల్లగా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు కూడా. అంతలో పెద్దమాలి జోసెలిన్ అటుగా వచ్చాడు. పట్టుబడ్డ దొంగలా పెంటయ్య దాన్ని గబుక్కున మంటలో పడేశాడు. పచ్చి ఆకు, ఒక పట్టాన కాలలేదు. ఆ పొగ ఇప్పటికీ అన్నం దగ్గర కూర్చుంటే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం జోసెలిన్ చెట్టు నీడన రొట్టె తింటున్నాడు. పెంటయ్య గుండె చిక్కబట్టుకుని, తనకొచ్చిన క్రియోల్ భాషలో అడిగాడు. "ముస్సే, ఈ రాలిన ఆకులు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, కాలుస్తాం. కావాలా? పట్టుకుపో." జోసెలిన్ రొట్టె నముల్తూనే అన్నాడు. "కింద పడ్డ ఆకుకు నన్ను అడగాలా? ఎప్పుడడిగినా ఇచ్చేవాణ్ణే."

పెంటయ్యకు ఇన్నేళ్ళూ ఒక్క మాట అడగలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఎండుటాకుల్లో ఉన్నంతలో మెత్తనిది ఏరి, చీల్చి, తుడిచి కాంపుకు నడిచాడు. గుమ్మంలో వెంకయ్య కోడలు రామలక్ష్మి కూర్చుని ఉంది. "మామకి పొద్దుటి సంది గంజి కూడా దిగనేదన్నా," అంది.

లోపల మంచం మీద వెంకయ్య ఆకును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. అది మొవ్వాకు కాదని ఆ వేళ్ళకు తెలియకుండా ఉంటుందా.

"మంచి ఆకేరా," అన్నాడు వెంకయ్య. "గంటం ఇటియ్యి."

ఒక అక్షరం పడింది. రెండోదానికి ఆకు ఈనె వెంట పగిలింది. ముసలాయన ఆ పగులును బొటనవేలితో నిమిరి, ఆకును గుండెల మీద పెట్టుకున్నాడు.

పెంటయ్యకు ఏడుపొచ్చింది. "మామా, మొవ్వాకు ఒకపాలి నా సేతికొచ్చింది. నేనే మంటలో ఏసీసినాను."

"బయమేసుంటాదిలే," అన్నాడు వెంకయ్య. "కూకో. పాడతాను, పట్టుకో."

పల్లవి పెంటయ్యకు వచ్చిందే. మొదటి చరణాన్ని పెదవులు కదుపుతూ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. రెండో చరణం సగంలో పాట ఆగింది. తరవాతి మాట కోసం అతను ముందుకు వంగి ఎదురుచూశాడు. రామలక్ష్మి దీపం పట్టుకుని లోపలికి వచ్చి, మామ మొహం చూసి, దీపం కింద పెట్టింది. అప్పటికి గాని పెంటయ్యకు తెలియలేదు.

మంచం కింద గంటం పడి ఉంది. దాని మొనకు ఎండుటాకు పీచొకటి అంటుకుని ఉంది.